నాలుగో మెట్టు

అచ్చంపేట బస్టాండు ఎనక నాది పంచర్ల దుకాణం.
ట్యూబును నీళ్ళల్ల ముంచుడు,
బుడగ లేచిన కాడ మూసుడు,
ఇరవై రెండేండ్ల సంది ఇదే నా చదువు.

ఆ దినం డక్కలి ఉశేనప్ప వచ్చిండు,
భుజం మీద కిన్నెర, దానికి మూడు సొరబుర్రలు,
"మైబూ, ఇరిగిన సైకిలు పుల్ల ఉంటె ఇయ్యి" అనుకుంట.
నాలుగో మెట్టు ఊడిపోయింది.
పన్నెండు మెట్ల నడుమ
పాలపన్ను రాలిన సందు.

పుల్ల కోసి ఇచ్చిన.
తీగె కింద పెట్టి ఒక్కపారి మీటిండు.
"ఇనుము మీద ఇనుము. కయ్యం పెట్టుకుంటది."

వాళ్ళ నాయిన కాలంల అలుగు పెంకులంట,
తేనెతుట్టె మైనంల కూసోబెడితె
పాడెటోడు పోయినా పెంకు పోకపోయేదంట.
ఇప్పుడు అలుగు పేరెత్తితె అడవి సార్లు జీపెక్కిస్తరు.
"ఎక్కియ్యాలె కూడ" అన్నడు,
"భయమైతె ఉండ చుట్టుకునే జీవి,
దాని అంగి మనమెందుకు గుంజాలె?"

మేక పక్కటెముక అరగదీసి పెడితె
రాత్రికి రాత్రి కుక్క కొరుక్కపోయింది.
నల్లా పైపు ముక్క పలికింది గని
పడిశం పట్టినట్టు పలికింది.
ఏడో మెట్టు మాత్రం మనుమరాలి పండ్ల బ్రష్షు కాడ,
గులాబి రంగుది, మూడేండ్ల సంది గట్టిగనే ఉంది.
ఇగ కట్టు సంగతి:
మేక నరం ఎండకు బిగుస్తది, ముసురుకు సడల్తది.
గోగునార తెగుతది.
మోదుగ వేరు నారంత మంచిది లేదు,
తవ్వెతందుకు నడుము లేదు.

ఆయన చాయ్ తాగ పోయిండు.
నేను గల్లపెట్టె అడుగుకు చెయ్యి పెట్టిన.
మా తాత గడ్డం దువ్వుకున్న కొమ్ము దువ్వెన,
సగం పండ్లు లేవు, వీపు మాత్రం నున్నగ ఉంది.
ఒక ముక్క కోసిన, ఆకురాయితోని నునుపు చేసిన,
ట్రాక్టరు రేడియేటరుకు పెట్టే రెండు ట్యూబుల బంక
కలిపి అతికిచ్చిన.
ఊదిన. ఆరింది. నాకు పెండ్లి చేసినంత సంబరం.

వచ్చి చూసి, గడప మీద కూసొని కథ ఎత్తుకున్నడు.
దొంగలను తరుముకుంట డిండి వాగు కాడికి వచ్చె గుర్రం.
ఆడ నీళ్ళల్ల కాలు దిగబడాలె,
స్వరం గింజంత కిందికి జారాలె.
వేలు నాలుగో మెట్టు మీద నిలబడ్డది.
నిలబడి, ఎనుకకు వచ్చింది.
గుర్రం వాగుల దిగలేదు.
ఒడ్డు పొంటి పొంటి పోయింది,
చాన దూరం పోయింది.

"మంచిగ అతికిచ్చినవ్ బిడ్డా,
ఎంతకూ ఊడది" అన్నడు పోయేటప్పుడు.
అది మెచ్చుకోలు కాదని
నాకు రాత్రి రెండింటికి తెలిసింది.

ఉమామహేశ్వరం జాతర దాటినంక మల్ల వచ్చిండు.
అదే దువ్వెన ముక్క.
ఒక పక్క కాలి నల్లగైంది,
మేకు కాల్చి నా బంక కరగబెట్టిండు.
పైన సోమశిల బెస్తోళ్ళు ఇచ్చిన వల దారం,
పచ్చది, రెండు చుట్లు,
కింద జొన్నగింజంత మైనం.
బొటనవేలితోని నూకి చూపిచ్చిండు.
"ఈ కథకు ఈడ. గా కథకు గాడ.
వానకాలం ఇంగింత కిందికి.
నాకు పండ్లు పోయినంక మొత్తానికే కిందికి."

"మరి జారితె?" అన్న.
"జారితె నూకుకుంట" అన్నడు.

చెప్పు దెబ్బ తిన్నట్టేం కాలేదు నాకు,
పైగ తేలికైంది.
ఎవరిదో ట్యూబు తొట్టిల మునిగే ఉంది,
బుడగలు లేస్తనే ఉన్నయి,
నేను లేవలేదు.

మల్ల అదే కథ, అదే తావు.
పచ్చ దారం ఇసుమంత కదిలింది.
ఈసారి గుర్రం నీళ్ళల్ల దిగింది.